పొట్టేలొచ్చింది... మంద మేల్కొంది!

మగజాతి జాడ లేకుండా నెలల తరబడి బతికిన గొర్రెల మంద అది. మేయడం, నెమరేయడం, పడుకోవడం... ఇవి తప్ప మరో ధ్యాస లేదు. ఒక్కటంటే ఒక్కటి ఎదకు రాలేదు. వచ్చే కాలమూ కాదు. అలాంటి మందలోకి ఓ ఉదయం పొట్టేలును వదిలారు. అది ఇంకా ఏ గొర్రెనూ తాకనే లేదు. కానీ దాని వాసన తగిలిన కాసేపటికే గొర్రెల మెదడులో ఎప్పుడో ఆగిపోయిన గడియారం మళ్ళీ తిరగడం మొదలెట్టింది. మూడు రోజులు గడిచేసరికి చాలా గొర్రెల్లో అండాలు విడుదలయ్యాయి. మూడు, నాలుగు వారాలు వచ్చేసరికి మందలో ఎక్కువ భాగం ఎదకొచ్చింది.

ఇంజెక్షన్ లేదు, మందూ మాకూ లేదు. మందలో ఓ మగజీవం అడుగుపెట్టింది, అంతే! శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు 'ర్యామ్ ఎఫెక్ట్'. తెలుగులో 'పొట్టేలు ప్రభావం' అనుకుందాం.

వినడానికి తమాషాగా ఉన్నా గొర్రెల కాపరికి ఇది బతుకుతెరువు లెక్క. గొర్రె చూలు కట్టిన అయిదు నెలలకు ఈనుతుంది. ఆ అయిదో నెల ఎండాకాలం నడిబొడ్డున పడిందంటే తల్లికి మేత ఉండదు, పొదుగులో పాలుండవు, పిల్ల దక్కదు. అదే పచ్చిక ఉన్న రోజుల్లో ఈనితే పిల్ల నిలుస్తుంది, నాలుగు డబ్బులొస్తాయి. అంటే, పిల్ల బతుకుతుందా లేదా అన్నది అది పుట్టడానికి అయిదు నెలల ముందే చాలావరకు ఖాయమైపోతుందన్నమాట. ఆ ముహూర్తాన్ని కొంతయినా మన చేతిలోకి తెచ్చిపెట్టే చవకైన ఉపాయం... పొట్టేలు.

పొద్దు చూసి ముహూర్తం

చలిదేశాల్లో గొర్రెలకు ఎద కాలం పొద్దును బట్టి వస్తుంది. పగటిపూట కురచవుతున్నకొద్దీ వాటి మెదడులో మెలటోనిన్ అనే హార్మోను రాత్రిపూట ఎక్కువసేపు ఊరుతుంది. 'చలికాలం వస్తోంది, చూలు కట్టడానికి ఇదే అదను' అని శరీరానికి కబురు చేసేది అదే. అలా శరదృతువులో చూలు కట్టిన గొర్రె, చలి తగ్గి పచ్చిక లేచే వసంతంలో ఈనుతుంది. ప్రకృతి వేసిన చక్కటి లెక్క!

పగళ్ళు పొడుగయ్యే వసంతం, వేసవి నెలల్లో ఆ తలుపు మూసుకుపోతుంది. అండాశయాలు నిద్రలోకి జారుకుంటాయి. మళ్ళీ పగళ్ళు తగ్గేదాకా గొర్రె ఎదకు రాదు.

చిక్కేమిటంటే, ఈ లెక్క అన్ని నేలలకూ కుదరదు. ఆస్ట్రేలియా పశ్చిమ ప్రాంతాన్నే తీసుకోండి. అక్కడ వానలు పడేది చలికాలంలో. మే నెల మొదలు అక్టోబరు దాకా పచ్చదనం. ఆ తర్వాత అంతా ఎండుగడ్డే. పిల్లలు చలికాలపు పచ్చిక మీద పెరగాలంటే గొర్రెలు డిసెంబరు, జనవరి ప్రాంతాల్లో చూలు కట్టాలి. దక్షిణార్ధగోళంలో అది నడివేసవి. అంటే పగళ్ళు పొడుగ్గా ఉండే కాలం, గొర్రెల తలుపు మూసి ఉండే కాలం. అయినా అక్కడి మెరీనో గొర్రెలు చూలు కట్టాయి. ఎలా?

రైతు కంటపడిన రహస్యం

ఈ రహస్యం మొదట దొరికింది పొలంలో. గొర్రెలన్నీ వీలైనంత తక్కువ రోజుల్లో చూలు కట్టేలా మొరెల్ ద విందే అనే ఫ్రెంచి రైతు విజయవంతంగా అనుసరించిన పద్ధతి గురించి 1813లోనే ఆ దేశంలోని ఓ వ్యవసాయ పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు.

మళ్ళీ 130 ఏళ్ళు గడిచాక, 1944లో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎరిక్ అండర్‌వుడ్, ఆయన సహచరులు ఈ సంగతిని శాస్త్రీయంగా నమోదు చేశారు. నేలలో కోబాల్టు కొరవడటం వల్ల గొర్రెలు చిక్కి శల్యమవుతున్నాయని 1930లలో తేల్చి పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త ఈయన. మెరీనో మందల్లో ఎద కాలాన్ని పరిశీలించిన ఈ బృందం, పొట్టేళ్ళు మందలోకి రావడమే ఎదను కదిలిస్తోందని గుర్తించింది.

1954లో అదే దేశానికి చెందిన షింకెల్ మరో ముడి విప్పాడు. పొట్టేలు వచ్చిన తొలి రెండు వారాల్లో మందలో ఏ సందడీ కనిపించదు. అసలు కథ మూడో వారం నుంచి మొదలవుతుంది. అలాగని ఆ రెండు వారాలూ గొర్రెల శరీరంలో ఏమీ జరగడం లేదనుకుంటే పప్పులో కాలేసినట్టే!

తొలి అరగంటలో...

ఎద లేని కాలంలో గొర్రె మెదడులోని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోనును ఎప్పుడో కొన్ని గంటలకోసారి మాత్రమే విదిలిస్తుంది. అండాశయాన్ని లేపడానికి అది ఏ మూలకూ చాలదు. పొట్టేలు ఎదుటపడిన కొద్ది నిమిషాలకే ఈ తీరు మారిపోతుంది. విదిలింపులు దగ్గరదగ్గరగా, జోరుగా వస్తాయి. అరగంట తిరక్కుండానే రక్తపరీక్షలో ఆ తేడా కనిపిస్తుంది.

పిట్యూటరీకి ఆదేశమిచ్చేది మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్. అక్కడి నుంచి వచ్చే సంకేత హార్మోను పేరు జీఎన్‌ఆర్‌హెచ్. మనుషుల్లోనూ పునరుత్పత్తికి తొలి మీట ఇదే. ఇలాంటి మెదడు హార్మోన్లను వెలికితీయడానికి రోజే గియ్యెమె బృందం కబేళాల నుంచి లక్షల సంఖ్యలో గొర్రెల మెదడు ముక్కలను సేకరించింది. ఈ రంగంలో కృషికి గియ్యెమె, ఆండ్రూ షాలీలు 1977లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆ రకంగా మనిషి సంతాన రహస్యాలు తెలుసుకోవడంలోనూ గొర్రెకు వాటా ఉంది.

ఈ మీటను నొక్కే నాడీకణాలు మరికొన్ని ఉన్నాయి. అవి విడుదల చేసే పదార్థం కిస్‌పెప్టిన్. దీని జన్యువును కనుగొన్నది అమెరికాలో హెర్షీ అనే ఊళ్ళో. ఆ ఊరు 'కిసెస్' చాక్లెట్లకు ప్రసిద్ధి. ఆ చాక్లెట్ల మీద ముచ్చటతోనే ఆ పేరు పెట్టారు. పొట్టేలు మందలోకి రాగానే గొర్రె మెదడులో ఈ కణాలు చురుగ్గా మారతాయని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి.

ఎల్‌హెచ్ జోరందుకున్నాక అండాశయంలోని బుడిపెలు పెరుగుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఎల్‌హెచ్ ఒక్కసారిగా పొంగుతుంది. ఆ మర్నాటికల్లా అండం బయటపడుతుంది.

చప్పుడు లేని అండం

అండం విడుదలైంది కదా, మరి గొర్రె ఎదకు రాదేం? ఎద లక్షణాలు బయటపడాలంటే అంతకుముందు కొన్నాళ్ళు ప్రొజెస్టిరాన్ అనే హార్మోను శరీరంలో తిరిగి ఉండాలి. నెలల తరబడి అండాశయం పడుకుని ఉండటంతో అది ఉండదు. అందుకే తొలి అండం చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది. గొర్రె పొట్టేలును దగ్గరకు రానివ్వదు. శాస్త్రవేత్తలు దీన్ని 'మూగ అండోత్సర్గం' అంటారు.

ఇక్కడి నుంచి మంద రెండుగా చీలుతుంది. కొన్ని గొర్రెలు తొలి అండం తర్వాత మామూలుగా 17 రోజుల చక్రం పూర్తి చేసుకుని, సుమారు 18 నుంచి 20 రోజుల మధ్య ఎదకొస్తాయి. మిగతావాటిలో ఆ తొలి చక్రం ఆరు రోజులకే తెగిపోతుంది. మరోసారి మూగగా అండం విడుదలై, అప్పుడు 17 రోజుల చక్రం మొదలవుతుంది. అవి 24 నుంచి 26 రోజుల ప్రాంతంలో ఎదకొస్తాయి. అందుకే పొట్టేలు వచ్చిన మందలో సందడి రెండు విడతలుగా కనిపిస్తుంది. ఈ లెక్క తెలిసిన కాపరి తొలి రెండు వారాలు చూసి 'ఈ పొట్టేలు పనికిరాదు' అని దాన్ని సంతకు తోలెయ్యడు!

కిటుకు ఉన్నిలో ఉంది

ఇంతకీ పొట్టేలులో అంత మహత్తు ఎక్కడుంది? ముందుగా అందరి అనుమానమూ వాసన మీదికే పోయింది. 1980లో నైట్, లించ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొట్టేలు శరీరం నుంచి రకరకాల నమూనాలు తీసుకుని గొర్రెలకు వాసన చూపించారు. మూత్రం పనిచేయలేదు. ఉన్ని, దానికి పట్టిన జిడ్డు మాత్రం పనిచేశాయి. పొట్టేలు అక్కడ లేకపోయినా సరే, దాని ఉన్ని వాసనకే కొన్ని గొర్రెల్లో అండాలు విడుదలయ్యాయి.

విత్తులు తీసేసిన పొట్టేలుకు ఆ శక్తి ఉండదు. దానికి మగ హార్మోను టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఇస్తే శక్తి తిరిగొస్తుంది. అంటే ఆ వాసనను తయారుచేయించేది మగ హార్మోనే. ఇంకో విచిత్రం... మేకపోతు వెంట్రుకల వాసనకూ గొర్రెలు స్పందిస్తాయి. జాతులు వేరైనా ఈ విషయంలో వాసనల భాష కాస్త కలుస్తుందన్నమాట.

మేకపోతు దగ్గరకు వెళ్ళినవాళ్ళకు ఆ ఘాటు గురించి చెప్పక్కర్లేదు. జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఘాటును అణువు అణువుగా విడదీసి చూశారు. మేకపోతుల తలకు ప్రత్యేకమైన టోపీలు తొడిగి, వెంట్రుకల నుంచి వచ్చే ఆవిరులను పట్టారు. వాటిలో 4-ఇథైలాక్టనాల్ అనే పదార్థం ఆడమేకల మెదడులోని పునరుత్పత్తి కేంద్రాన్ని నేరుగా కదిలిస్తోందని 2014లో ప్రకటించారు.

అయితే కథ ముక్కుతోనే అయిపోదు. వాసన పసిగట్టే శక్తి లేకుండా చేసిన గొర్రెలు కూడా పొట్టేలు ఎదురుగా తిరిగితే స్పందించాయి. పొట్టేలు రూపం, అరుపు, వెంటపడే తీరు... అన్నీ ఈ ప్రభావంలో పాలుపంచుకుంటాయి. ఉన్ని ఒక్కటే తెచ్చి పెడితే పని కొంత. పొట్టేలే వస్తే పని పూర్తిగా!

పాత మొహమైతే లాభం లేదు

ఆస్ట్రేలియా రైతులు చాలాకాలం ఒక నియమం పాటించారు. పొట్టేళ్ళను కలపడానికి ముందు కనీసం ఓ నెల రోజులు గొర్రెలకు కనబడకుండా, వినబడకుండా, వాసన సోకకుండా దూరంగా ఉంచాలని. నిత్యం కళ్ళ ముందు తిరిగే పొట్టేలును గొర్రెలు పట్టించుకోవన్నది వాళ్ళ అనుభవం.

తర్వాతి పరిశోధనల్లో తేలిందేమంటే, ఇక్కడ పనిచేస్తున్నది 'కొత్తదనం'. పాత పొట్టేలు మందలోనే ఉన్నా, ముక్కూమొహం తెలియని మరో పొట్టేలు వస్తే గొర్రెలు స్పందించాయి. గొర్రెలు మొహాలను గుర్తుపెట్టుకోవడంలో దిట్టలు. పాత నేస్తాన్నీ కొత్త అతిథినీ వేరుగా పోల్చుకోగలవు. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో మరో అడుగు ముందుకేశారు. పరిచయం లేని పొట్టేలు ఎదురైనప్పుడు గొర్రె మెదడులో కొత్త కణాలు పుట్టే వేగం పెరుగుతోందని చూపించారు.

పొట్టేలుకూ ఉత్సాహం ఉండాలి

మగాడు వచ్చినంత మాత్రాన సరిపోదు, వాడిలో ఊపుండాలి. ఎద లేని కాలంలో పొట్టేళ్ళూ మేకపోతులూ కూడా మందకొడిగానే ఉంటాయి. వాసన పలచబడుతుంది, వెంటపడటం తగ్గుతుంది. అలాంటి మగజీవిని వదిలి 'ప్రభావం లేదు' అంటే తప్పెవరిది?

మెక్సికో ఉత్తర ప్రాంతంలో డెల్గాడిల్యో బృందం మేకపోతులకు రెండున్నర నెలల పాటు దీపాల వెలుగుతో పగటిని కృత్రిమంగా పొడిగించింది. తర్వాత మామూలు పగటికి మార్చేసరికి వాటి శరీరం 'పగళ్ళు తగ్గాయి, కాలం వచ్చింది' అనుకుంది. ఎద లేని కాలంలోనే పోతులు ఉరకలెత్తాయి. వాటిని కలిపిన ఆడమేకల్లో ఎక్కువ భాగం ఎదకొచ్చాయి. వెలుగు పెట్టని పోతులను కలిపిన మందలో అలాంటి స్పందన నామమాత్రమే. తర్వాత స్పెయిన్‌లో గొర్రెల మీదా ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. ఇలా చురుగ్గా ఉన్న మగవాటిని ఏడాది పొడుగునా మందలోనే ఉంచితే ఆడవాటిలో విరామ కాలమే దాదాపు కనుమరుగవుతుందని కూడా తేలింది.

ఇది ఒకవైపు నుంచే సాగే వ్యవహారం కూడా కాదు. ఎదలో ఉన్న గొర్రెలు ఎదురుపడితే పొట్టేలు రక్తంలో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. వాసన ముదురుతుంది. ఆ వాసన మిగతా గొర్రెలను లేపుతుంది. ఒకరిని చూసి ఒకరు!

కాపరి క్యాలెండర్

ఈ విజ్ఞానాన్ని ఆస్ట్రేలియా రైతులు ఓ పట్టికలా వాడుకుంటారు. ముందుగా వీర్యనాళం కత్తిరించిన పొట్టేళ్ళనో, టెస్టోస్టిరాన్ ఇచ్చిన విత్తులు లేని పొట్టేళ్ళనో మందలోకి వదులుతారు. వీటిని 'టీజర్లు' అంటారు. ఇవి మందను లేపుతాయే తప్ప చూలు కట్టించలేవు. 14 రోజులయ్యాక వాటిని తీసేసి అసలు విత్తనపు పొట్టేళ్ళను వదులుతారు. మూగ అండాల దశ అప్పటికి దాటిపోయి, సరిగ్గా ఎద మొదలయ్యే వేళకు ఇవి సిద్ధంగా ఉంటాయి. దాంతో గొర్రెల్లో ఎక్కువ భాగం కొద్ది రోజుల తేడాతో చూలు కట్టి, కొద్ది రోజుల తేడాతోనే ఈనుతాయి. ఆ కొద్ది రోజులూ కాపరి కంటిమీద కునుకు లేకుండా కాచుకుంటే చాలు. ఒకే ఈడు పిల్లలు కాబట్టి టీకాలు, మేత, అమ్మకం అన్నీ ఒకేసారి.

ఇదే పని హార్మోన్లతోనూ చేయొచ్చు. ప్రొజెస్టిరాన్ తరహా మందు పట్టించిన స్పాంజిలను గొర్రె యోనిలో పన్నెండు, పద్నాలుగు రోజులుంచి, తీసేటప్పుడు ఈసీజీ ఇంజెక్షన్ ఇస్తారు. గురి బాగానే కుదురుతుంది. కానీ ఖర్చు, పశువైద్యుడి అవసరం ఉంటాయి. పైగా ఆ ఈసీజీని తీసేది చూడిగుర్రాల రక్తం నుంచి. దక్షిణ అమెరికాలో ఆ గుర్రాలను చూస్తున్న తీరు మీద కొన్నేళ్ళుగా పెద్ద దుమారమే రేగుతోంది. హార్మోన్లు లేని మాంసం కావాలనే కొనుగోలుదార్లూ పెరిగారు. అందుకే గ్రేమ్ మార్టిన్ లాంటి శాస్త్రవేత్తలు 'శుభ్రంగా, పచ్చగా, నైతికంగా' అనే నినాదంతో పొట్టేలు ప్రభావాన్ని మళ్ళీ ముందుకు తెచ్చారు.

అన్నట్టు, ఈ మంత్రం అన్నిచోట్లా ఒకేలా పారదు. మెరీనోలు ఇట్టే స్పందిస్తాయి. సఫోక్, రోమ్నీ లాంటి బ్రిటిష్ జాతులు విరామం గాఢంగా ఉన్నప్పుడు అంత తేలిగ్గా లొంగవు. బక్కచిక్కిన గొర్రెలు, ఈమధ్యే ఈని పాలిస్తున్నవి, తొలిసారి ఎదకు రావలసిన పడుచు గొర్రెలు కూడా తక్కువగానే స్పందిస్తాయి. పొట్టేలు గంట కొట్టగలదు కానీ, కడుపులో తిండి లేని గొర్రెను లేపలేదు.

మన మందల మాటేమిటి?

2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న గొర్రెలు సుమారు 7.43 కోట్లు. అందులో 1.91 కోట్లతో తెలంగాణ మొదటి స్థానం, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానం. అంటే దేశంలోని దాదాపు ప్రతి రెండు గొర్రెల్లో ఒకటి మనదే! తెలంగాణలో 2017లో మొదలైన పంపిణీ పథకంలోనూ ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున లెక్క కట్టారు. ఇరవైకి తోడు ఆ ఒక్కటి ఎంత ముఖ్యమో ఇప్పుడు అర్థమవుతుంది.

నెల్లూరు, దక్కనీ లాంటి మన జాతులకు మెరీనోల లెక్కలు యథాతథంగా అప్పజెప్పలేం. మనది ఉష్ణమండలం. ఏడాదిలో పగటి నిడివి అంతగా మారదు. అందుకే ఇక్కడి గొర్రెలు దాదాపు ఏడాదంతా ఎదకు రాగలవు. వాటిని ఆపేది పొద్దుకంటే ఎక్కువగా కరవు. ఎండాకాలంలో మేత తగ్గితే ఎద ఆగుతుంది. వానలు పడి పచ్చిక లేవగానే మళ్ళీ మొదలవుతుంది. పొట్టేలు అవసరపడేది ఇలా ఆగిపోయిన గొర్రెలను కదిలించడానికే.

మన దగ్గర చాలా మందల్లో పొట్టేలు ఏడాది పొడుగునా గొర్రెలతోనే తిరుగుతుంది. దాంతో రెండు నష్టాలు. ఒకటి, ఈతలు ఏడాదంతా చెదిరిపోతాయి. నవంబరు, డిసెంబరుల్లో చూలు కట్టినవి ఏప్రిల్, మే ఎండల్లో ఈనుతాయి. మేత వెతుక్కుంటూ మందతో వలస పోయే కాపరికి దారిలో పుట్టే పిల్లలు మోయలేని భారం. రెండోది, కొత్తదనమనే ఉచిత మందు వృథాగా పోతుంది.

అందుకే వీలున్నవాళ్ళు పొట్టేలును ఓ నెలా రెండు నెలలు మందకు బాగా దూరంగా మేపుకుని, అదను చూసి కలపడం మంచిది. జూన్, జులైల్లో చూలు కడితే నవంబరు, డిసెంబరుల్లో పిల్లలొస్తాయి. కలపడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెలకు రోజూ కొంత దాణా పెడితే ఎద బాగా వస్తుంది, కవలలకూ అవకాశం పెరుగుతుంది. పొట్టేలుకూ ముందునుంచే మంచి మేపు ఉండాలి.

ఇరవై, ముప్ఫై గొర్రెలున్న ఇంట్లో పొట్టేలును వేరుగా మేపడం కుదరని పని కావచ్చు. అలాంటివాళ్ళు పక్క ఊరి కాపరితో పొట్టేళ్ళను మార్చుకోవచ్చు. గొర్రెలకు కొత్త మొహం దొరుకుతుంది. తండ్రే కూతుళ్ళను దాటే దోషమూ తప్పుతుంది. అయితే మార్చుకునే ముందు పశువైద్యుడికి చూపించి, ఈసుకుపోయే జబ్బు బ్రూసెల్లోసిస్ లేదని తేల్చుకోవాలి. లేదంటే కొత్త పొట్టేలుతో పాటే కొత్త రోగమూ మందలో చేరుతుంది.

ఆపైన కాస్త ఓపిక కావాలి. కొత్త పొట్టేలును వదిలిన రోజు గోడమీది క్యాలెండర్లో ఓ గీత గీసుకుని, నాలుగు వారాలు చూడాలి. తొలి రెండు వారాలు మంద ఉలుకూపలుకూ లేకుండా మేస్తూ కనిపించినా కంగారు పడక్కర్లేదు. పొట్టేలు అప్పటికే తన పని మొదలెట్టేసి ఉండొచ్చు!